అమెచ్యూర్ సైక్లిస్టు ప్రొఫెషనల్ కావాలని ఎందుకు తెగిస్తాడు?

మీ ప్రశ్నను కుదించి చెబితే ఇది. మూడేళ్లుగా సైకిల్ మీదే ప్రాణం పెట్టారు, క్లబ్ రేసుల్లో ముందు గుంపుతో వస్తున్నారు, చేతిలో ఉద్యోగం ఉంది. మీతో పాటు తొక్కే ఒకాయన ఉద్యోగం మానేసి పూర్తిగా రేసుల్లోకి దిగాడు. "ఇంత కష్టం, ఇంత తక్కువ రాబడి ఉన్న ఆటలోకి ఒక అమెచ్యూర్ ఎందుకు దూకుతాడు? అతన్ని నడిపించేది ఏంటి? నాలో ఉన్నది కూడా అదేనా, ఉత్త మోజా?" అని అడిగారు.

నేను చిన్న జట్లలో కొన్ని సీజన్లు రేసులు తొక్కాను. ఆ తర్వాత చాలాకాలంగా అమెచ్యూర్లకు కోచింగ్ ఇస్తున్నాను. ప్రొఫెషనల్ కావాలని వచ్చినవాళ్లను, అయినవాళ్లను, మధ్యలో వదిలేసినవాళ్లను దగ్గర్నుంచి చూశాను. ఆ అనుభవంతో చెబుతున్నాను.

సూటిగా జవాబు: చాలామందిని ఆ గట్టు దాటించేది కల కాదు, ఒక రుజువు. కల అందరికీ ఉంటుంది. టీవీలో పెద్ద రేసు చూసిన ప్రతివాడికీ ఆ రాత్రి ఆ కల వస్తుంది. కానీ ఏదో ఒక రోజు ఒక అంకె, ఒక కొండ, ఒక రేసు "వాళ్లేమీ వేరే లోకం మనుషులు కాదు, వాళ్ల పక్కన నువ్వూ నిలబడగలవు" అని చూపిస్తుంది. ఆ రోజు నుంచి మనిషి తీరు మారిపోతుంది. అప్పటిదాకా "అయితే బాగుండు" అన్నవాడు, ఆ తర్వాత "ప్రయత్నించకపోతే జీవితాంతం నన్ను నేనే తిట్టుకుంటాను" అంటాడు. అయితే గట్టు దాటాక అక్కడ నిలబెట్టేది ఆ రుజువు కాదు. రోజువారీ పని మీద ఇష్టం. ఈ రెండూ వేర్వేరు సంగతులు. వీటిని ఒకటే అనుకున్నవాళ్లే ఎక్కువగా దెబ్బతింటారు.

ముందు రుజువు సంగతి.

సైక్లింగ్‌లో ఒక విచిత్రం ఉంది. ఫుట్‌బాల్‌లో మీరు ఎంత మంచి ఆటగాడో మీకు మీరే తేల్చుకోలేరు, ఎవరో ఒకరు చూసి చెప్పాలి. సైకిల్ మీద పవర్ మీటర్ (పెడల్ మీద పెట్టే శక్తిని వాట్లలో కొలిచే పరికరం) చెప్పేస్తుంది. ఇరవై నిమిషాలు సగటున ఎన్ని వాట్లు తొక్కారు, మీ బరువు ఎంత, భాగించండి. క్లబ్‌లో గట్టి రైడర్లు గంటసేపు నిలబెట్టగలిగే శక్తి కిలోకు 4 వాట్ల చుట్టుపక్కల ఉంటుంది. పెద్ద రేసుల్లో గెలుపోటములు తేల్చే కొండల మీద ముందున్నవాళ్లు అరగంట పాటు కిలోకు 6 వాట్లు, కొన్నిసార్లు అంతకన్నా ఎక్కువ తొక్కుతారు. మధ్యలో ఉన్న ఆ ఖాళీ అందరికీ తెలుసు. అందుకే ఒక అమెచ్యూర్ స్క్రీన్ మీద 5.5 దాటిన అంకె కనబడితే అది వట్టి అంకె కాదు, పిలుపు.

నా దగ్గరకు వచ్చిన ఒక కుర్రాడి ల్యాబ్ పరీక్ష చెబుతాను. మూతికి మాస్కు, చెవి తమ్మె మీద చిన్న గాటు. కొన్ని నిమిషాలకోసారి భారం పెంచుతారు, పెంచిన ప్రతిసారీ చెవి నుంచి ఒక రక్తపు బొట్టు తీసి లాక్టేట్ (కండరాలు కష్టపడేకొద్దీ రక్తంలో పెరిగే పదార్థం) చూస్తారు. సాధారణంగా ఒక మెట్టు వచ్చేసరికి రైడర్ భుజాలు ఊగడం మొదలవుతుంది, తల వాలిపోతుంది, పరీక్ష చేసేవాళ్లు పెన్ను పక్కన పెట్టేస్తారు. ఇతను ఆ మెట్టు దాటాడు, భుజాలు కదల్లేదు. ఇంకో మెట్టు. పరీక్ష చేస్తున్నావిడ మీటరు సరిగ్గా ఉందా లేదా అని ఒకసారి వంగి చూసింది. పరీక్ష అయ్యాక అతను ఫలితం అడగలేదు. "ఆవిడ మీటరు ఎందుకు చూసింది?" అని అడిగాడు. అతనికి అప్పటికే అర్థమైంది. ఇంటికి వెళ్లేలోపే పూర్తి సీజన్ రేసులు తొక్కుతానని నిర్ణయం చెప్పేశాడు. అప్పటిదాకా కుటుంబం, స్నేహితులు ఎంత పొగిడినా కదలని మనిషి, ఒక అపరిచితురాలు పరికరాన్ని అనుమానించడంతో కదిలాడు.

పేరున్నవాళ్ల కథల్లోనూ ఇదే కనబడుతుంది. ఆస్ట్రేలియాకు చెందిన జే వైన్ 2020లో జ్విఫ్ట్ అకాడమీ అనే ఇండోర్ ట్రైనర్ పోటీ గెలిచి, అదే బహుమతిగా ఆల్పెసిన్ జట్టులో కాంట్రాక్టు సంపాదించాడు. గదిలో కదలని సైకిల్ తొక్కి ప్రొఫెషనల్ అయ్యాడని నవ్వినవాళ్లున్నారు. 2022లో స్పెయిన్‌లో మూడు వారాలు జరిగే వుయెల్టా ఆ ఎస్పాన్యా రేసులో రెండు స్టేజీలు (ఒక్కో రోజు రేసును స్టేజీ అంటారు) గెలిచాడు, ఆ నవ్వులు ఆగాయి. డెన్మార్క్‌కు చెందిన యోనాస్ వింగెగార్డ్ చిన్న జట్టుకు తొక్కుతూ చేపల ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. స్పెయిన్‌లో ప్రొఫెషనల్ జట్లన్నీ ప్రాక్టీస్ చేసే ఒక కొండ మీద అతను తీసిన సమయం పెద్ద జట్ల కళ్లలో పడింది. 2019లో యుంబో-విస్మా జట్టులో చేరాడు, 2022, 2023 టూర్ డి ఫ్రాన్స్ గెలిచాడు. ఈ ఇద్దరికీ కల ముందే ఉండి ఉంటుంది. దారి తెరిచింది మాత్రం ఎవరూ కాదనలేని ఒక కొలత.

ఇక్కడే ఒక హెచ్చరిక. అంకె అబద్ధం చెప్పదు కానీ నిజం మొత్తం చెప్పదు. ఇందాక చెప్పిన కుర్రాడి అంకెలు చూసి ఒక చిన్న జట్టు వెంటనే తీసుకుంది. గుంపులో, గంటకు 50 కిలోమీటర్ల వేగంతో, ముందున్నవాడి చక్రానికి జానెడు దూరంలో తొక్కడం అతనికి పడలేదు. ప్రతి మలుపులో బ్రేకు పట్టేవాడు, గుంపు చివరకు జారిపోయేవాడు, మళ్లీ ముందుకు రావడానికి శక్తంతా ఖర్చు చేసేవాడు. కొండ మొదలయ్యేసరికి ఆ గొప్ప వాట్లు అయిపోయేవి. ఒక సీజన్ తర్వాత తనే మానుకున్నాడు. ఇప్పుడు సంతోషంగా టైమ్ ట్రయల్స్, అంటే గుంపు లేకుండా ఒంటరిగా గడియారంతో పోటీపడే రేసులు, తొక్కుతున్నాడు. అతనిది ఓటమి అని నేను అనను. అతని రుజువు సగం రుజువు, అంతే.

ఇక రెండో రకం మనుషులు. వీళ్లు వేరే ఆట నుంచి వస్తారు. నా అంచనాలో సైక్లింగ్‌లోకి ఆలస్యంగా వచ్చి నిలబడినవాళ్లలో వీళ్లది పెద్ద వాటా.

కెనడాకు చెందిన మైకేల్ వుడ్స్ పరుగు పందెగాడు, నాలుగు నిమిషాల లోపు మైలు పరిగెత్తిన మనిషి. పాదానికి పదేపదే దెబ్బలు తగిలి ఆ కెరీర్ ముగిసింది. సైకిల్ ఎక్కాడు. 29 ఏళ్ల వయసులో, 2016లో వరల్డ్ టూర్ అనే అత్యున్నత స్థాయి జట్టులో చేరాడు. చాలామంది రైడర్లు ఇక ఎన్నాళ్లు ఆడాలా అని లెక్కేసుకోవడం మొదలుపెట్టే వయసు అది. 2023లో, 36 ఏళ్లకు, పుయ్ ద డోమ్ శిఖరం మీద టూర్ డి ఫ్రాన్స్ స్టేజీ గెలిచాడు. స్లొవేనియాకు చెందిన ప్రిమోజ్ రోగ్లిచ్ స్కీ జంపర్, 2007లో జూనియర్ జట్టు విభాగంలో ప్రపంచ ఛాంపియన్. ఆ ఆట వదిలేసి 2013లో ఒక చిన్న సైక్లింగ్ జట్టులో చేరాడు. ఆ తర్వాత వుయెల్టా నాలుగుసార్లు, 2023లో ఇటలీలో జరిగే అలాంటి పెద్ద రేసు జీరో డి ఇటాలియా, టోక్యో ఒలింపిక్స్‌లో టైమ్ ట్రయల్ స్వర్ణం. బెల్జియం కుర్రాడు రెమ్కో ఎవనెపూల్ ఫుట్‌బాల్ అకాడమీల్లో పెరిగి 2017లో సైకిల్ పట్టాడు. మరుసటి ఏడాదే రోడ్ రేసు, టైమ్ ట్రయల్ రెండింటిలోనూ జూనియర్ ప్రపంచ టైటిళ్లు గెలిచాడు.

వీళ్లలో ఉమ్మడిగా ఉన్నది సైకిల్ మీద ప్రేమ కాదు, మొదట్లో అయితే అసలే కాదు. ఆట వదిలినా ఆకలి వదల్లేదు, అంతే. పదేళ్లు శరీరాన్ని ఒక లక్ష్యం కోసం సాన పట్టినవాడికి ఒక రోజు హఠాత్తుగా "ఇక చాలు" అంటే ఆ శక్తి ఎక్కడికి పోవాలి? పాత ఆటలో తేలకుండా మిగిలిపోయిన లెక్క ఒకటి లోపల కదులుతూ ఉంటుంది. సైకిల్ వాళ్లకు ఆ లెక్క తేల్చుకునే రెండో కాగితం. గాయపడిన పరుగు పందెగాళ్లకు ఇది మరీ అనుకూలం. కాళ్లకు నేల దెబ్బ తగలదు, గుండె ఊపిరితిత్తుల సామర్థ్యం మాత్రం చాలావరకు పనికొస్తుంది. మీరు గతంలో వేరే ఏ ఆటైనా గట్టిగా ఆడారా లేదా అన్నది ప్రశ్నలో రాయలేదు. ఆడి ఉంటే, మీ మోజు అనుకుంటున్నది ఇదే కావచ్చు, కాస్త తవ్వి చూసుకోండి.

డబ్బు సంగతి మీరు నేరుగా అడగలేదు గానీ "తక్కువ రాబడి" అన్నారు. నిజమే. మగవాళ్లలో పై స్థాయి వరల్డ్ టూర్‌లో 18 జట్లు, ఒక్కో జట్టులో 30 మంది దాకా. ప్రపంచం మొత్తం మీద మంచి జీతం అనదగ్గది వచ్చేది ఆ కొన్ని వందల మందికి, కింది స్థాయిలో ఇంకొంత మందికి. పై రెండు స్థాయిల్లో యూసీఐ (అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య) కనీస వేతనం నిర్ణయించింది. మూడోదైన కాంటినెంటల్ స్థాయిలో అలాంటి కనీసం లేదు. సైకిల్, దుస్తులు, రేసులకు ప్రయాణం ఇచ్చి, జీతం పేరుకు ఇచ్చే జట్లు, అసలు ఇవ్వని జట్లు కూడా ఆ స్థాయిలో ఉంటాయి. మహిళల పై స్థాయికి కనీస వేతనం వచ్చిందే 2020లో. అంతకుముందు పెద్ద రేసులు గెలిచిన మహిళలు కూడా పక్కన ఇంకో ఉద్యోగమో చదువో పెట్టుకునేవాళ్లు. కాబట్టి డబ్బు కోసం ఈ ఆటలోకి వచ్చేవాళ్లు నాకు దాదాపు తగల్లేదు. డబ్బు ప్రేరణ కాదు, అనుమతి. "దీనితో బతకొచ్చు" అన్న భరోసా దొరికితే అప్పటికే ఉన్న కోరిక బయటికొస్తుంది.

ఇక నిలబెట్టే సంగతి. నా దృష్టిలో అసలు జవాబు ఇక్కడుంది, కొంచెం ఓపిగ్గా చదవండి.

మనస్తత్వ శాస్త్రంలో ఎడ్వర్డ్ డెసీ, రిచర్డ్ ర్యాన్ అనే ఇద్దరు ప్రేరణ మీద చాలా పని చేశారు. మనిషి ఒక పనిలో తనంతట తాను కొనసాగాలంటే మూడు కావాలంటారు: ఇది నా నిర్ణయం అనే భావన, నాకు ఇది చేతనవుతోంది అనే భావన, నాకు ఇక్కడ నావాళ్లున్నారు అనే భావన. అమెచ్యూర్‌గా ఉన్నప్పుడు ఈ మూడూ ఉచితంగా దొరుకుతాయి. ఎప్పుడు తొక్కాలో మీ ఇష్టం. వారంవారం మెరుగవుతుంటారు. ఆదివారం గుంపు మీకోసం ఎదురుచూస్తుంది. ప్రొఫెషనల్ అయ్యాక మూడింటికీ పరీక్ష వస్తుంది. ఏ రేసులు ఆడాలో జట్టు చెబుతుంది. మెరుగుదల ఏడాదికి ఒకటి రెండు శాతం ఉంటే గొప్ప. జట్టులో పక్కవాడు స్నేహితుడే, వచ్చే ఏడాది కాంట్రాక్టుకు పోటీదారుడూ అతనే.

పైగా ఇష్టమైన పనికి జీతం తోడైతే ఇష్టం రెట్టింపవుతుందని అనుకుంటాం. ప్రతిసారీ అలా జరగదు. 1973లో లెపర్, గ్రీన్, నిస్బెట్ బొమ్మలు గీయడం ఇష్టమున్న చిన్నపిల్లల మీద ఒక ప్రయోగం చేశారు. గీస్తే బహుమతి ఇస్తామని ముందే చెప్పిన పిల్లలు, ఆ తర్వాత బహుమతి లేనప్పుడు మిగతా పిల్లలకన్నా తక్కువసేపు గీశారు. అది చిన్నపిల్లల ప్రయోగం, దాన్ని తెచ్చి కాంట్రాక్టు రైడర్లకు అతికించకూడదు. కానీ నా దగ్గర చూసినదాన్ని బట్టి ఆ దిశలో నిజముంది. కాంట్రాక్టు వచ్చిన మొదటి చలికాలంలో కొందరి కళ్లలో కాంతి తగ్గుతుంది. నిన్నటిదాకా సరదాగా తొక్కిన ఐదు గంటలు ఇవాళ డ్యూటీ.

ఆ డ్యూటీ ఎలా ఉంటుందో ఒక్క దృశ్యం చెబుతాను, ఎందుకంటే బయటివాళ్లకు గెలిచినవాడే కనబడతాడు. రేసు మధ్యలో వేసవి మధ్యాహ్నం. డొమెస్టీక్ అంటే నాయకుడి కోసం పనిచేసే రైడర్. అతను చెయ్యెత్తుతాడు, గుంపు చివరకు జారి, వరుసగా వస్తున్న కార్ల మధ్య తన జట్టు కారు వెతుక్కుంటాడు. కిటికీలోంచి ఒక్కొక్కటిగా బాటిళ్లు అందుతాయి. రెండు సైకిల్ ఫ్రేమ్‌కు, మిగతావి జెర్సీ వెనక జేబుల్లో, చాలకపోతే మెడ దగ్గర నుంచి వీపులోకి. చల్లటి ప్లాస్టిక్ వెన్నుకు తగిలి ఒళ్లు జలదరిస్తుంది. చివరి బాటిల్‌ను కారులోంచి ఇచ్చేవాడు ఒక్క క్షణం ఎక్కువసేపు వదలడు, కారు ఊపు కాస్త కలిసొస్తుంది. రేసు నిబంధనలు చూసే అధికారి (కమిషనర్) కంట పడితే జరిమానా. అక్కడి నుంచి కొన్ని కిలోల అదనపు బరువుతో మళ్లీ గుంపు ముందున్న నాయకుడి దాకా ఎక్కాలి. అందరికీ బాటిళ్లు పంచాక సరిగ్గా కొండ మొదలవుతుంది. అతను నాయకుడికి గాలి తగలకుండా ముందు తొక్కి, శక్తి అయిపోయాక పక్కకు తప్పుకుంటాడు. ఆ తర్వాత జరిగేదే టీవీలో చూపిస్తారు. టూర్ డి ఫ్రాన్స్‌కు జట్టుకు 8 మందిని తీసుకెళ్తారు. వాళ్లలో ఎక్కువమంది పని ఇదే, 21 స్టేజీల పాటు.

ఇది చదివి మీకు "ఛ" అనిపించిందా, "ఇందులో ఏదో ఉంది" అనిపించిందా? నిజాయితీగా గమనించుకోండి. నేను కోచింగ్ ఇచ్చినవాళ్లలో ఎక్కువకాలం నిలబడిన ఒకామె అంకెల్లో మధ్యరకం. కానీ గుంపులో గాలి ఏ వైపు నుంచి వస్తుందో, ఎవరు అలసిపోయారో, నాయకురాలిని ఎక్కడ పెట్టాలో ఆమెకు చదివినట్టు తెలిసేది. "నేను గెలవకపోయినా ఆ గెలుపు ఎలా తయారైందో నాకొక్కదానికే తెలుసు" అనేది. అలాంటి మనిషికి ప్రేరణ గురించి నేను ఏనాడూ మాట్లాడాల్సిన పని పడలేదు.

పెద్ద స్థాయిలో దీనికి తిరగబడిన ఉదాహరణలూ ఉన్నాయి. 2017లో జీరో గెలిచిన టామ్ డుమూలాన్ 2021 జనవరిలో, తనకు ఏం కావాలో తేల్చుకోవడానికి ఆట పక్కనపెట్టాడు. తిరిగొచ్చి అదే ఏడాది టోక్యోలో టైమ్ ట్రయల్ రజతం తెచ్చుకున్నాడు. 2022లో సీజన్ మధ్యలోనే పూర్తిగా వదిలేశాడు. టూర్‌లో 14 స్టేజీలు గెలిచిన మార్సెల్ కిట్టెల్ 2019లో, 31 ఏళ్లకే తప్పుకున్నాడు. వీళ్లకు సామర్థ్యం లేదనగలమా? రుజువులు బీరువా నిండా ఉన్నాయి. రుజువు ఒక్కటే చాలదనడానికి ఇంతకన్నా ఏం కావాలి.

దీనికి అవతలి వైపు అన్నా కీసెన్‌హోఫర్ ఉంది. ఆస్ట్రియాకు చెందిన గణిత పరిశోధకురాలు. 2017లో కొన్నాళ్లు ప్రొఫెషనల్ జట్టులో ఉండి బయటికొచ్చింది. 2021 టోక్యో ఒలింపిక్ రోడ్ రేసుకు వచ్చేసరికి ఆమెకు ప్రొఫెషనల్ కాంట్రాక్టు లేదు. తన ప్లాన్ తనే వేసుకుని, రేసు మొదలైన వెంటనే అటాక్ చేసి (గుంపును వదిలి దూసుకెళ్లి), చివర్లో ఒంటరిగా వచ్చి స్వర్ణం గెలిచింది. ఒలింపిక్స్‌లో ముందు ఎవరున్నారో జట్టు చెప్పే రేడియోలు ఉండవు కాబట్టి, రెండో స్థానంలో వచ్చిన అన్నెమీక్ వాన్ ఫ్లూటెన్ తనే గెలిచాననుకుని చేతులెత్తింది. కీసెన్‌హోఫర్‌కు కావాల్సింది తన శిక్షణ మీద తన అధికారం. జట్టులో లేనప్పుడే ఆమె అత్యుత్తమంగా ఆడింది. నేను ఈమె కథ ఎందుకు చెబుతున్నానంటే, గొప్ప రైడర్ కావాలన్న కోరికా, ప్రొఫెషనల్ కావాలన్న కోరికా ఒకటి కావు. మీలో ఉన్నది మొదటిదే అయితే దానికి ఉద్యోగం మానాల్సిన అవసరం లేకపోవచ్చు.

ఇంకో ప్రేరణ ఉంది, పైకి అంతగా మాట్లాడరు: తనవాళ్లలో మొదటివాడు కావడం. ఎరిత్రియా నుంచి వచ్చిన బినియమ్ గిర్మాయ్ స్విట్జర్లాండ్‌లోని ఏగల్‌లో యూసీఐ నడిపే శిక్షణ కేంద్రంలో కొంతకాలం తయారయ్యాడు. 2022లో బెల్జియంలో జరిగే గెంట్-వెవెల్గెమ్ అనే ఒకరోజు రేసు గెలిచాడు, 2024 టూర్‌లో మూడు స్టేజీలు, పాయింట్లలో మొదటివాడికిచ్చే ఆకుపచ్చ జెర్సీ. టూర్‌లో స్టేజీ గెలిచిన మొదటి నల్లజాతి ఆఫ్రికన్ అతనే. ఇలాంటి ప్రేరణ చాలా బలమైనది, అంతే బరువైనది కూడా. ఒక చెడ్డ రేసు తర్వాత మామూలు రైడర్ ఒక్కడే బాధపడతాడు, ఇతని విషయంలో వెనకున్నవాళ్లంతా బాధపడతారు.

చెడ్డ ప్రేరణల గురించి కూడా చెప్పాలి, ఇవి నా దగ్గరకు ఎక్కువగా వచ్చేవి.

పారిపోవడం. ఉద్యోగంలో బాస్ పడడు, ఇంట్లో ఏదో గొడవ, సైకిల్ ఎక్కితే ప్రశాంతంగా ఉంటుంది. అందుకని పూర్తిగా సైకిలే జీవితం చేసుకుందాం అనుకుంటారు. సమస్య ఏంటంటే, సైకిల్ ప్రశాంతతనిచ్చింది అది ఉద్యోగం కాదు కాబట్టి. అది ఉద్యోగమైన రోజు పారిపోవడానికి ఇంకొకటి వెతుక్కోవాలి.

చూపించడం. యాప్‌లో సెగ్మెంట్ (రోడ్డులో ఒక నిర్ణీత ముక్క) రికార్డులు, లైకులు, "నువ్వు సూపర్" అనేవాళ్లు. దీన్ని పూర్తిగా తీసిపారేయను, మనిషన్నాక మెప్పు కావాలి. కానీ ప్రొఫెషనల్ గుంపులో మీరు 90వ స్థానంలో వస్తే, అది నిజానికి గొప్ప పనే అయినా, చప్పట్లు కొట్టేవాడు ఉండడు. మెప్పు మీద నడిచే బండి అక్కడ ఆగిపోతుంది.

సైకిల్ లేకపోతే నేనెవర్ని అన్న భయం. మనస్తత్వవేత్త రాబర్ట్ వల్లరాండ్ అభిరుచిని రెండు రకాలుగా విడదీశాడు. జీవితంలో మిగతావాటితో సర్దుకుని ఉండేది ఒకటి, మనిషిని పట్టుకుని ఆడించేది ఇంకొకటి. రెండోది బయటికి మహా అంకితభావంలా కనిపిస్తుంది. జ్వరంలో కూడా తొక్కుతారు, బరువు తగ్గాలని తిండి మానేస్తారు. శిక్షణకు సరిపడా తినకపోతే ఎముకలు, హార్మోన్లు, రోగనిరోధక శక్తి అన్నీ దెబ్బతింటాయి. 2014లో అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ ఈ స్థితికి ప్రత్యేకంగా పేరు పెట్టి హెచ్చరించింది కూడా. నా దగ్గర ఎవరైనా "విశ్రాంతి రోజు భరించలేను" అంటే నేను మెచ్చుకోను, టెన్షన్ పడతాను.

ప్రొఫెషనల్ జీవితంలో చిన్నచిన్న చికాకులు ఎన్నో. పరీక్షల జాబితాలో ఉన్న క్రీడాకారులు ప్రతిరోజూ ఒక గంట తాము ఎక్కడుంటారో ముందే రాసివ్వాలి, డోపింగ్ పరీక్షకు ఎవరైనా రావచ్చు. పన్నెండు నెలల్లో మూడుసార్లు దొరక్కపోతే నిషేధం దాకా వెళ్తుంది. పెళ్లికి వెళ్లినా, ఊరు మారినా ఆ గంట మార్చుకోవాలి. ఇలాంటివి ప్రేరణను ఒక్క దెబ్బతో చంపవు, కొద్దికొద్దిగా అరగదీస్తాయి.

ఇప్పుడు మీ అసలు ప్రశ్న: మీలో ఉన్నది ఏది?

దీనికి నేను వాడే పద్ధతి చెబుతాను. ఎవరినీ "నీ కల ఏంటి?" అని అడగను. పోయిన నెల శిక్షణలో అన్నిటికన్నా విసుగు పుట్టించిన రోజు గురించి చెప్పమంటాను. వర్షంలో ఇండోర్ ట్రైనర్ మీద నాలుగు సార్లు ఎనిమిది నిమిషాల ఇంటర్వెల్స్ చేసిన రోజు లాంటిది. కొందరు దాన్ని తిట్టుకుంటూ త్వరగా ముగించి గెలిచిన రేసు దగ్గరకు వెళ్లిపోతారు. కొందరు మాత్రం "మూడోసారి ఆరో నిమిషంలో కాడెన్స్ (పెడల్ తిప్పే వేగం) తగ్గించి చూశాను, అప్పుడు ఊపిరి కుదురుకుంది" అని వివరాల్లోకి దిగిపోతారు. రెండో రకం వాళ్ల మీద నేను పందెం కాస్తాను, వాళ్ల అంకెలు కాస్త తక్కువైనా సరే.

తర్వాత, మీ స్థాయికి ఒక మెట్టు పైన ఉన్న రేసులు పూర్తి సీజన్ తొక్కండి. క్లబ్‌లో ముందు గుంపులో రావడం మీకిప్పుడు అలవాటైపోయింది. పైమెట్టులో నెలల తరబడి వెనకబడతారు. ఓడిపోతున్నప్పుడు మరుసటి రోజు పొద్దున్నే సైకిల్ ఎక్కాలనిపిస్తుందా లేదా అన్నదే చూడాల్సింది. గెలుస్తున్నవాడి ప్రేరణను చూసి నేను ఏమీ తేల్చను.

ఒక రేసులో కావాలని ఇంకొకరి కోసం తొక్కండి. మీ స్థానం గురించి ఆలోచించకుండా, స్నేహితుణ్ని గెలిపించడం ఒక్కటే పని. ఇంటికొచ్చాక మీకు తృప్తిగా ఉందా, ఏదో పోగొట్టుకున్నట్టుందా గమనించండి. ఈ ఒక్క ప్రయోగం చేశాక వెనక్కి తగ్గినవాళ్లు నాకు తెలుసు. దానివల్ల వాళ్లకు ఎన్నో ఏళ్లు మిగిలాయి.

వయసు గురించి అందరూ భయపెడతారు. ఈ రోజుల్లో పెద్ద జట్లు జూనియర్ల నుంచే తీసుకుంటున్నాయి, అది నిజం. 2020 టూర్ గెలిచేనాటికి తదే పొగాచర్‌కు 21 ఏళ్లే. ఆలస్యంగా వచ్చి నిలబడాలంటే వుడ్స్ లాగా అప్పటికే తయారైన ఇంజిన్ ఒకటి ఉండాలి. తలుపు సన్నబడింది గానీ మూసుకోలేదు.

ఇక ఉద్యోగం. ఇప్పుడే మానకండి. అమెరికాకు చెందిన క్రిస్టెన్ ఫాక్నర్ కథ చూడండి. కాలేజీలో పడవ పందేలు ఆడింది, తర్వాత వెంచర్ క్యాపిటల్‌లో ఉద్యోగం, 2017లో సైకిల్ నేర్చుకునే శిబిరానికి వెళ్లింది. ప్రొఫెషనల్ జట్టులో చేరాక కూడా కొంతకాలం ఉద్యోగం చేస్తూనే రేసులు ఆడింది. తర్వాతే ఉద్యోగం వదిలింది. 2024 పారిస్‌లో రోడ్ రేసు స్వర్ణం, ట్రాక్ మీద జట్టుగా తొక్కే టీమ్ పర్స్యూట్ స్వర్ణం రెండూ గెలిచింది. ఉద్యోగం ఉండటం ఆమె అంకితభావాన్ని తగ్గించలేదు. జీతం వస్తుంటే చెడ్డ సీజన్‌ను తట్టుకోగలరు, చెడ్డ కాంట్రాక్టును కాదనగలరు. వారానికి 12 నుంచి 15 గంటల క్రమమైన శిక్షణ ఉద్యోగంతో పాటు సాధ్యమే, కష్టమైనా సరే. ఆ గంటలతోనే మీ అంకెలు ఇంకా పెరుగుతుంటే వదలాల్సిన సమయం రాలేదన్నమాట. పెరగడం ఆగిపోయి, ఒక జట్టు నిజంగా కాగితం మీద ఆఫర్ పెట్టినప్పుడు ఆలోచించండి.

మీ స్నేహితుడి గురించి నేనేమీ అనలేను, అతని రుజువు ఏమిటో నాకు తెలియదు. మీకేమైనా ప్రత్యేకంగా చెప్పాలంటే మూడు వివరాలు కావాలి: మీ 20 నిమిషాల సగటు వాట్లు, బరువు, పోయిన సీజన్‌లో గుంపు నుంచి వెనకబడిన రేసులు ఏవి, ఎక్కడ వెనకబడ్డారు. గెలిచినవి రాయనక్కర్లేదు. కింద రాయండి, చూసి చెబుతాను.